కాలువ గట్టు మీద సైకిల్: ట్రాఫిక్ లేని రోడ్డు ఎవరిది?

ఈరోజు ఎపిసోడ్ మామూలు కంటే కాస్త పెద్దది, టీయో కాఫీయో తెచ్చుకుని కూర్చోండి.

సంక్రాంతి వెళ్ళిన వారం గోదావరి డెల్టాలో కాలువ గట్ల మీద మూడు రోజులు సైకిల్ తొక్కాను. ఈ ఎపిసోడ్ దాని గురించే. నిజానికి దీన్ని ఒకసారి రికార్డ్ చేసేశాను. ఎడిటింగ్ కూడా అయిపోయింది. అప్‌లోడ్ చేసే ముందు రోజు డిలీట్ చేశాను. ఇప్పుడు మీరు వింటున్నది రెండో వెర్షన్. మొదటిది ఎందుకు తీసేశానో మధ్యలో చెప్తాను, అదే ఈరోజు అసలు విషయం.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు రోజూ పొద్దున్నే సైకిల్ తొక్కేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఆరింటికి ఒక సర్వీస్ రోడ్డు మీద వెనకనుంచి వచ్చిన కారు సైడ్ మిర్రర్ నా భుజానికి తగిలింది. కింద పడ్డాను, కాలర్ బోన్ విరిగింది. కారు ఆగలేదు. హాస్పిటల్లో అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "ఇంక రోడ్డు మీద తొక్కనని చెప్పు నాన్నా" అంది అంతే. చెప్పాను. మాటిచ్చేశాను.

మూడు నెలల్లో ఎముక అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. వెనకాల ఏ ఇంజిన్ సౌండ్ వినబడినా మెడ బిగుసుకుపోయేది. తర్వాత 2023లో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. పైన సోలార్ ప్యానెల్స్ కప్పు, బండ్లు లోపలికి రావు. అది రోడ్డు కాదు కదా అని అమ్మని ఒప్పించి అక్కడ మళ్ళీ మొదలుపెట్టాను. నా మటుకు నాకు ఆ ట్రాక్ ప్రాణం పోసింది, అందులో డౌట్ లేదు. కానీ సేఫ్‌గా ఉండటం వేరు, నిశ్శబ్దంగా ఉండటం వేరు. పక్కనే హైవే రొద. నాకు ఇంకేదో కావాలనిపించేది. పిట్టల కూత వినబడే రోడ్డు, మెడ బిగుసుకోని రోడ్డు.

నేను ఇంజినీర్ని కదా, దీన్ని కోడింగ్ ప్రాబ్లమ్ లాగా చూశాను. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ డేటా ఎవరైనా ఫ్రీగా దింపుకోవచ్చు. అందులో కాలువలు విడిగా, రోడ్లు విడిగా గుర్తించి ఉంటాయి. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. కాలువకి ముప్పై మీటర్ల లోపల, కాలువ పక్కనే నడిచే చిన్న రోడ్లన్నీ వెతుకు, స్టేట్ హైవే, నేషనల్ హైవే తీసేయ్. అంతే. గోదావరి జిల్లాల మీద రన్ చేస్తే స్క్రీన్ నిండా ఆకుపచ్చ గీతలు వచ్చాయి. అరచేతిలో నరాల్లాగా! అమ్మది ఆ పక్కే, కోనసీమలో ఒక పల్లెటూరు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్ళేవాళ్ళం. దొడ్డమ్మ ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంటుంది. సరే, బయల్దేరాను. అమ్మకి చెప్పే వెళ్ళాను. "అది రోడ్డు కాదమ్మా, గట్టు" అన్నాను. నవ్వింది కానీ నమ్మలేదు.

రాజమండ్రిలో ట్రైన్ దిగి, సైకిల్ బిగించుకుని, ముందు ధవళేశ్వరం వెళ్ళాను. అక్కడ పది నిమిషాలు ఆగితే తప్ప కాలువ గట్టు ఎందుకు అలా ఉందో అర్థం కాదు, కాబట్టి మీకూ పది వాక్యాల్లో చెప్పేస్తాను.

1833 ప్రాంతంలో ఈ వైపు ఘోరమైన కరువు వచ్చింది. డొక్కల కరువు అంటారు. పక్కనే అంత పెద్ద నది పారుతున్నా జనం తిండిలేక చనిపోయిన రోజులవి. తర్వాత ఆర్థర్ కాటన్ అనే ఇంజినీర్ ఇక్కడికొచ్చి, 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగాయన వీణెం వీరన్న కూలీలని కూడగట్టి పని నడిపించాడు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో కట్టిన కొత్తది, 1982లో పూర్తయింది, 175 గేట్లు. ఇక్కణ్ణుంచే మూడు డెల్టాలకి, తూర్పు, మధ్య, పశ్చిమ, కాలువలు బయల్దేరతాయి. పది లక్షల ఎకరాలకి పైగా వీటి మీదే బతుకుతోంది.

సైక్లిస్టుకి కావలసిన పాయింట్ ఇప్పుడు వస్తుంది. ఈ కాలువలు నీళ్ళు పారించడానికే కాదు, పడవలు నడవడానికి కూడా కట్టారు. పడవ ఎదురు వెళ్ళాలంటే నీళ్ళు జోరుగా ఉండకూడదు. అందుకని కాలువని దాదాపు సమతలంగా తవ్వారు, కిలోమీటరుకి కొన్ని అంగుళాల వాలు మాత్రమే. మరి భూమి సముద్రం వైపు దిగుతుంది కదా, ఆ దిగుడంతా ఏం చేయాలి? దాన్ని అక్కడక్కడా లాకుల దగ్గర ఒకేచోట దింపేశారు. లాకు అంటే ముందూ వెనకా తలుపులున్న గది. పడవ లోపలికొస్తే తలుపు మూసి, నీళ్ళు తగ్గించో పెంచో, రెండో తలుపు తీస్తారు. పడవ మెట్టు దిగినట్టు దిగుతుంది. సో, గట్టు మీద సైకిల్ తొక్కేవాడికి ఏమవుతుంది? కిలోమీటర్ల కొద్దీ చదును, లాకు దగ్గర చిన్న దిగుడు, మళ్ళీ చదును. గేర్ మార్చే పనే ఉండదు.

ఇంకోటి. ఇంజిన్లు లేని రోజుల్లో ఎదురు ప్రవాహంలో పడవని ఎలా తీసుకెళ్ళేవారు? తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు. అంటే మనం తొక్కే ఆ దారి ముందు పడవ లాగేవాళ్ళ కాలిబాట. ఇంగ్లండులో కాలువల పక్కన గుర్రాలు పడవల్ని లాగిన దారులు ఇలాగే సైక్లిస్టులవి, నడిచేవాళ్ళవి అయ్యాయి. ఫ్రాన్స్‌లో తులూజ్ నుంచి సెత్ దాకా 240 కిలోమీటర్ల కనాల్ ద్యు మిదీ, 1681లో పూర్తయింది, దాని గట్టు మీద తొక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. మనకి ఇంటి పక్కనే ఉంది. మనం పట్టించుకోం, అంతే.

ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక. బ్యారేజీ మీద బండ్లు ఉంటాయి, కాబట్టి తెల్లారగానే దాటేయడం మంచిది. మధ్య డెల్టా కాలువ మొదలయ్యేది బొబ్బర్లంక దగ్గరే. అక్కణ్ణుంచి ఆత్రేయపురం వైపు కాలువ పక్కనే దారి. ఆత్రేయపురం అనగానే మీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. అవును, పూతరేకులు. తిన్నాను. బెల్లంవి. సైకిల్ జెర్సీ జేబులో మాత్రం పెట్టుకోకండి, సాయంత్రానికి పిండి మిగిలింది నాకు.

ఆత్రేయపురం దాటాక లొల్ల లాకులు. సినిమాల్లో చూసే ఉంటారు. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాను. నీళ్ళు లాకు మీద నుంచి పడే చప్పుడు, పెద్ద పెద్ద చెట్లు, గట్టు మీద ఒక పెద్దాయన తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, ఆయన లస్కరుగా చేసి రిటైరయ్యాడట. లస్కరు అంటే కాలువల తూములూ తలుపులూ ఎత్తి దించే ఉద్యోగి.

"ఏ ఊరు బాబూ మనది?" అన్నాడు.

"హైదరాబాద్ అండీ. మా అమ్మగారిది మాత్రం ఇక్కడే."

"ఆయ్. అదీ సంగతి. మరి బండి లేదా?"

ఈ ప్రశ్న మూడు రోజుల్లో పదిమంది అడిగారు నన్ను. సరదాకి తొక్కుతున్నానంటే ఆయన కాసేపు సైకిల్ వైపు చూసి, "మా నాన్న రాదారి పడవ మీద పనిజేసేవోడు బాబూ. ఈ గట్టు మీద తాడు లాగి లాగి ఆయన భుజం మీద కాయ కాసిపోయింది" అన్నాడు. నేను చెయ్యి తెలియకుండానే నా కాలర్ బోన్ మీద పెట్టుకున్నాను. ఆ మాట అప్పుడు సరిగ్గా ఎక్కలేదు నాకు. తర్వాత ఎక్కింది.

ఇప్పుడు ప్రాక్టికల్ విషయాలు. ఇవి నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి, నోట్ చేసుకోండి.

ఒకటి. కాలువ పక్కన ఉన్న ప్రతి రోడ్డూ ప్రశాంతంగా ఉండదు. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళే కెనాల్ రోడ్డు ఉంది, పేరు చూసి మోసపోకండి. బస్సులూ లారీలూ అన్నీ అటే. నా స్క్రిప్ట్ చెప్పని సూత్రం ఒకటి అక్కడి జనం చెప్పారు: కాలువకి రెండు గట్లుంటాయి. ఒక గట్టు మీద బస్సు రోడ్డుంటే, రెండో గట్టు మీద సాధారణంగా ఊరివాళ్ళ దారి ఉంటుంది. సన్నగా, కొన్నిచోట్ల సిమెంటు, కొన్నిచోట్ల గ్రావెల్, కొన్నిచోట్ల ఒట్టి మట్టి. మనకి కావలసింది ఆ రెండోది. వంతెన కనపడినప్పుడల్లా ఆగి, అవతలి గట్టు చూడండి.

రెండు. శనివారం వద్దు. ఆత్రేయపురం మండలంలోనే వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఏడు శనివారాల మొక్కు. ఆ రోజు దారులన్నీ భక్తులతో, కార్లతో కిక్కిరిసిపోతాయి. అది వాళ్ళ రోజు. మీరు మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

మూడు. మంచు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున డెల్టాలో మంచు దిగితే పది అడుగుల దూరం కనపడదు. గట్టుకి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొలంలోకి దిగుడు. ఐదింటికే లేచి హీరోలాగా బయల్దేరకండి. ఎండ వచ్చి రోడ్డు కనపడేదాకా టీ కొట్టు దగ్గర కూర్చోండి. ఈత వచ్చినా సరే, సైకిల్‌తో సహా కాలువలో పడితే ఈత గుర్తుకురాదు.

నాలుగు. గాలి. డెల్టాలో కొండల్లేవు, గాలే మన కొండ. ఎండెక్కాక సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది. పొద్దున ఇరవై స్పీడులో హాయిగా వెళ్ళిన దారే మధ్యాహ్నం ఎదురు గాలికి పన్నెండు కూడా ఇవ్వదు. అందుకే పొద్దున సముద్రం వైపు, మధ్యాహ్నం వెనక్కి. గాలి వీపు మీద ఉంటుంది.

ఐదు. టైరు. సన్నని రేసింగ్ టైర్లు పనికిరావు. ముప్పై రెండు మిల్లీమీటర్లు కానీ అంతకంటే వెడల్పు కానీ వేసుకోండి, గాలి కాస్త తగ్గించి పెట్టండి. రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్, పంపు తప్పనిసరి. తుమ్మ ముళ్ళు నాకు ఒకే రోజు రెండు పంక్చర్లు ఇచ్చాయి. వాన పడితే మట్టి గట్టు మీదకి వెళ్ళకండి. ఆ బంక మట్టి చక్రానికీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఇరుక్కుపోయి సైకిల్‌ని మీరే మోయాల్సి వస్తుంది.

ఆరు. కాలం. ఏప్రిల్, మే నెలల్లో మామూలుగా కాలువలు కట్టేస్తారు, రిపేర్లకి. అడుగున బురద తప్ప ఏమీ ఉండదు, పైన మాడ్చే ఎండ. జూన్‌లో నీళ్ళు వదిలాక సార్వా నాట్లు మొదలవుతాయి. సంక్రాంతి తర్వాత దాళ్వా నాట్లు. ఆకుపచ్చ చూడాలంటే ఈ టైమ్స్. కోతల రోజుల్లో మాత్రం గట్టు మీద సగం రోడ్డు ధాన్యం ఆరబోసి ఉంటారు. దాని మీద నుంచి తొక్కకండి ప్లీజ్. అది ఆరు నెలల కష్టం. దిగి, సైకిల్ నడిపించుకుని పక్కనుంచి వెళ్ళండి. ఒక్క నిమిషం పని.

ఇంక కుక్కలు. పరిగెత్తించకండి, మీరు పరిగెత్తకండి. దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టి నెమ్మదిగా నడవండి. నాలుగడుగులు వేసేసరికి వాటికే బోర్ కొడుతుంది.

సరే. ఇప్పుడు డిలీట్ చేసిన ఎపిసోడ్ సంగతి.

రెండో రోజు సాయంత్రానికి దొడ్డమ్మ ఊరు చేరుకున్నాను. ఒక పిల్ల కాలువ గట్టు మీద ఆఖరి నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లు నా జీవితంలో తొక్కిన బెస్ట్ రోడ్డు, ఇందులో ఏ ఎక్స్‌ట్రా లేదు. రెండు వైపులా కొబ్బరిచెట్లు, కాలువలో వాటి నీడ, ఒక్క ఇంజిన్ చప్పుడు లేదు. ఎదురుగా యూనిఫామ్‌లో హైస్కూలు ఆడపిల్లలు ఏడెనిమిది మంది సైకిళ్ళ మీద కబుర్లు చెప్పుకుంటూ వస్తున్నారు. నేను పక్కకి ఆగి దారిచ్చాను. దాటాక గుర్తించాను, నా మెడ బిగుసుకోలేదు. రెండేళ్ళలో మొదటిసారి వెనక్కి చూడకుండా నాలుగు కిలోమీటర్లు తొక్కాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నిజంగా. అక్కడే ఫోన్ తీసి రికార్డ్ చేశాను. ఏమన్నానో చెప్తా: "ఈ రోడ్డుని ఇలాగే ఉంచాలి, దయచేసి ఎవరూ దీన్ని వెడల్పు చేయకండి, డబుల్ రోడ్డు వేసి పాడు చేయకండి" అన్నాను. డైలాగ్ బాగా వచ్చింది కూడా. ఎపిసోడ్ మొత్తం దాని చుట్టూనే కట్టాను.

ఇంటికెళ్ళగానే దొడ్డమ్మ, "సైకిలేంట్రా నాయనా, ఉజ్జోగం మానేసేవని విన్నాను కానీ, ఇంత పరిస్థితి వచ్చిందనుకోలేదు" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. రాత్రి భోజనాలయ్యాక, పెట్టెలోంచి అయిదు వందల నోటు తీసి నా జేబులో కుక్కింది.

మూడో రోజు పి.గన్నవరం అక్విడక్టు చూసి వచ్చాను. కింద వైనతేయ నది, దాని మీద నుంచి కాలువ అవతలి లంకకి వెళ్తుంది. నది మీద కాలువ! కాటన్ కాలంలోనే 49 కమానులతో కట్టారు, పక్కన కొత్తది 2000లో వచ్చింది. నది అవతల ఉన్న పొలాలకి కూడా నీళ్ళు వెళ్ళాలి, అక్కడి మనుషులు కూడా తినాలి అని ఎవరో అనుకుంటే తప్ప అలాంటిది కట్టరు. దాని వీడియో కూడా తీశాను.

హైదరాబాద్ వచ్చి ఎడిటింగ్ పూర్తి చేశాక, దొడ్డమ్మ కొడుకు, మా అన్నయ్యకి వీడియో ముందుగా పంపించాను. వాళ్ళ ఊరు కనబడుతుంది కదా, సంతోషిస్తాడని. అరగంటలో ఫోన్ చేశాడు. కోపంగా కాదు, మామూలుగానే మాట్లాడాడు.

"బాగా తీసేవురా. కొబ్బరిచెట్లు అవీ చాలా బాగున్నాయి. ఒక్కటి అడుగుతాను. వెడల్పు చేయొద్దన్నావు కదా, అమ్మ సంగతి నీకు తెలియదా?"

తెలియదు. మాకెవరికీ చెప్పలేదు వాళ్ళు. కిందటి వానాకాలంలో ఒక రాత్రి దొడ్డమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్స్ వచ్చింది, ఆలస్యం కూడా చేయలేదు. కానీ వంతెన దగ్గర ఆగిపోయింది. గట్టు సన్నం, వానకి అంచులు మెత్తబడి ఉన్నాయి, లోపలికొస్తే తిప్పుకునే చోటు లేదు, నాలుగు కిలోమీటర్లు చీకట్లో రివర్స్ రావాలి. ఆ డ్రైవర్ని తప్పు పట్టడానికి లేదు. కాలువలో పడితే అందరూ పోతారు. అన్నయ్య బైక్ నడుపుతుంటే, వెనకాల మా వదిన, ఇద్దరి మధ్య దొడ్డమ్మ. ఆమెని చీరతో అన్నయ్య నడుముకి కట్టారట, పడిపోకుండా. ఆ నాలుగు కిలోమీటర్లు. నేను కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్న అవే నాలుగు కిలోమీటర్లు.

దేవుడి దయ, టైముకి చేరారు. బాగానే ఉంది ఇప్పుడు. నాకు అయిదు వందలు పెట్టింది అంటే చూడండి.

అన్నయ్య చివర్లో అన్న మాట మాత్రం నేను మర్చిపోలేను. "నువ్వు మూడ్రోజులుండి వెళ్ళిపోతావురా తమ్ముడూ. మేం ఇక్కడే ఉంటాం."

ఫోన్ పెట్టేసి, ఎపిసోడ్ డిలీట్ చేశాను.

తర్వాత చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. నా స్క్రిప్ట్‌లో ఒక కాలమ్ ఉండేది, "ట్రాఫిక్" అని. ఆ గట్టుకి నేను ఇచ్చిన విలువ సున్నా. నా లెక్కలో కారు, లారీ, బస్సు ఇవే ట్రాఫిక్. మరి ఆ స్కూలు పిల్లలు? గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆవిడ? కొబ్బరికాయల సైకిల్? గేదెలు తోలుకుపోయే తాత? వాళ్ళందరూ ఆ రోడ్డు మీద ఉన్నారు. నా లెక్కలో మాత్రం లేరు. "ట్రాఫిక్ లేని రోడ్డు" అని నేను మురిసిపోయింది నిజానికి "బండి రాలేని రోడ్డు". సరదాకి వెళ్ళేవాడికి అది వరం. ప్రసవానికి వెళ్ళాల్సిన అమ్మాయికి?

అప్పుడు లొల్ల దగ్గర పెద్దాయన మాట గుర్తొచ్చింది. భుజం మీద కాయ. ఆ గట్టు అందంగా ఉండటానికి కట్టింది కాదు. అది మొదట్నుంచీ పని కోసం పుట్టిన దారి. నీళ్ళ కోసం, పడవ కోసం, తిండి కోసం. దాని నిశ్శబ్దం కూడా ఎవరో నా కోసం ఏర్పాటు చేసింది కాదు, పడవలు పోయి, పెద్ద బండ్లు ఇంకా రాకుండా మధ్యలో మిగిలిపోయిన నిశ్శబ్దం అది. దాన్ని అలాగే ఉంచమని అడిగే హక్కు మూడు రోజుల అతిథికి లేదు.

అయితే గట్లన్నీ డబుల్ రోడ్లు చేసేయాలా? ఇదే ప్రశ్న అన్నయ్యని అడిగాను. ఇంజినీర్ని నేనైనా జవాబు వాడే చెప్పాడు. "డబుల్ రోడ్డు వేస్తే అడ్డదారి అని లారీలన్నీ ఇటే దిగుతాయిరా. అప్పుడు పిల్లలు సైకిల్ మీద బడికి వెళ్ళలేరు. అదీ మాకొద్దు. మాకు కావలసింది అరకిలోమీటరుకో చోట బండి తిప్పుకునే జాగా. గట్టు అంచు జారిపోకుండా రాయి కట్టడం. మలుపుల్లో రెయిలింగ్. రాత్రి కనపడేలా అద్దం బిళ్ళలు. ఊరి దగ్గర ఇంకో వంతెన ఉంటే అవతలి గట్టుకి రెండు నిమిషాల్లో పడతాం. అంతే."

చూశారా? వాడు అడిగినవన్నీ వస్తే, అంబులెన్స్ ఇంటి దాకా వస్తుంది. లారీలు రావు. ఆడపిల్లలు సైకిళ్ళ మీద బడికి వెళ్తారు. ఆ మిగిలిన ఖాళీలో నాలాంటి వాడు కూడా ఒకడు తొక్కుకుంటూ పోవచ్చు. రెండు గట్లున్నప్పుడు ఒకటి బండ్లకి, ఒకటి నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ అని పెట్టుకోవచ్చు కూడా. అక్కడ బతికేవాళ్ళకి సేఫ్‌గా ఉన్న రోడ్డు సైక్లిస్టుకి ఎలాగూ సేఫ్‌గానే ఉంటుంది. నేను తిరగేసి ఆలోచించాను, నాకు బాగుంటే చాలనుకున్నాను. అదీ నా తప్పు.

అందుకే ఈ రెండో వెర్షన్‌లో ఆ పిల్ల కాలువ పేరు, ఊరి పేరు చెప్పడం లేదు. రూట్ ఫైల్ కూడా పెట్టడం లేదు. పెద్ద దారులు చెప్పాను: ధవళేశ్వరం, బొబ్బర్లంక, లొల్ల, గన్నవరం. అక్కణ్ణుంచి రెండో గట్టు మీరే వెతుక్కోండి. వెతుక్కోవడం కోసం ఆగుతారు, ఆగితే ఎవర్నో ఒకర్ని అడుగుతారు, అడిగితే మాట్లాడతారు. నేను స్క్రిప్ట్ నమ్ముకుని ఎవర్నీ అడక్కుండా పోయాను, సొంత దొడ్డమ్మ సంగతే తెలుసుకోలేకపోయాను.

వెళ్తే ఈ మూడు మాత్రం పాటించండి. ఒకటి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఇరవై మంది గ్రూపుగా వద్దు, ఆ గట్టు అంతమందిని మోయలేదు. రెండు, బడి టైములో స్కూలు పిల్లలకి కాలువ అంచు వైపు కాకుండా లోపలి వైపు దారివ్వండి. అంచు వైపు మీరు ఆగండి. మూడు, టీ అయినా అరటిపళ్ళయినా ఆ ఊళ్ళోనే కొనండి. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే పెట్టుకుని ఎనర్జీ బార్లు మోసుకెళ్ళడం ఏం బాగుంటుంది చెప్పండి?

లాస్ట్‌గా, అమ్మకిచ్చిన మాట. తిరిగొచ్చాక మొత్తం చెప్పాను, దొడ్డమ్మ సంగతి కూడా. అక్కకి ఫోన్ చేసి చాలాసేపు గొడవ పెట్టుకుంది, నాకెందుకు చెప్పలేదని. తర్వాత నాతో, "వచ్చే నెల అక్కని చూడ్డానికి వెళ్తున్నాను. నువ్వూ రా. ఆ సైకిల్ కూడా తెచ్చుకో" అంది.

"గట్టు మీద తొక్కనా మరి?" అన్నాను.

"తొక్కు. కానీ మీ అన్నయ్య బైక్ వస్తుంటే పక్కకి తప్పుకో" అంది.

సరే ఫ్రెండ్స్, ఇదీ ఈరోజు కథ. మీ ఊరి కాలువ గట్టు మీద మీకూ ఏవైనా జ్ఞాపకాలుంటే, ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళ కథ విని రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పంక్చర్ ఇంట్లోనే ఎలా వేసుకోవాలో చూపిస్తాను, ఈసారి తుమ్మ ముల్లు కూడా దాచి తెచ్చాను. అప్పటిదాకా జాగ్రత్తగా తొక్కండి. ఉంటాను మరి.